పుస్తె కుదువబెట్టి ప్లీడర్ని పెట్టుకోవాలా?

మన వాడల్లో మొగుడూ పెళ్ళాల తగువు ఎక్కడ మొదలైనా చివరికి బిడ్డ దగ్గరికొచ్చి ఆగుతుంది. కట్నం సంగతి, సామాన్ల సంగతి ఏదో ఒక రకంగా తేలుతుంది. బిడ్డ ఎవరి దగ్గరుండాలనేది మాత్రం తేలదు. బలమున్నవాడు ఎత్తుకుపోతాడు. బడి దగ్గర మాటేసి మోటారు సైకిలెక్కించుకుని పోయేవాడొకడు. పండక్కని తీసుకెళ్ళి మళ్ళీ పంపనివాడొకడు. పాలు తాగే పిల్లని తల్లి ఒళ్ళోంచి లాక్కుని "ఇది మా ఇంటి నెత్తురు, నీకేం సంబంధం" అనే అత్తమామలు ఇంకొకరు. కూలి చేసుకుని బతికే ఆ తల్లి పోయి ఎవరినడగాలి?

మొదట పెద్దమనుషుల దగ్గరికి పోతుంది. రెండు పక్కలా ధరావతు కట్టించుకుంటేగాని వాళ్ళు కూర్చోరు. రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడి, ఆఖరికి చెప్పే తీర్పేంటి? "మగపిల్లాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి." మేకపిల్లల్ని పంచినట్టు పంచి లేచిపోతారు. అన్న కోసం ఆ చెల్లెలు ఎన్ని రాత్రులు ఏడుస్తుందో ఎవరికి పట్టింది? పైగా ఒక తెల్లకాగితం తెచ్చి, "ఇకముందు పిల్లాడి జోలికి రాను" అని రాసి ఆమె చేత వేలిముద్ర వేయిస్తారు.

ఆ కాగితాన్ని చూసి భయపడి పుట్టింట్లో కూర్చున్న తల్లులు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్ళందరికీ మేము చెప్పేది ఒక్కటే: ఆ కాగితానికి భయపడాల్సిన పని లేదు. కులపెద్దల ముందు విడిపోవటం మీ కులంలో ఆచారమని కోర్టులో రుజువైతే ఆ విడాకులు చెల్లొచ్చు. బిడ్డ సంగతి అట్లా కాదు. బిడ్డ బాగోగుల్ని రాసిచ్చే హక్కు తల్లికీ లేదు, తండ్రికీ లేదు, పెద్దమనుషులకి అసలే లేదు. ఎవరేం రాసుకున్నా కోర్టు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. బిడ్డకి ఏది మేలో అదే చూడాలి.

రెండోసారి స్టేషనుకి పోతుంది. అక్కడ ఇద్దరినీ కూర్చోబెట్టి "కౌన్సెలింగు" చేస్తారు. కొట్టారని చెబితే కేసు కట్టాల్సిన పోలీసు, బిడ్డ కనపడటం లేదంటే వెతకాల్సిన పోలీసు, ఆ రెండూ వదిలేసి జడ్జీ కుర్చీలో కూర్చుంటాడు. "వాడికి పొలముంది, ఇల్లుంది, నువ్వేం పెట్టి పెంచుతావు" అంటాడు. బిడ్డ ఎవరి దగ్గరుండాలో తీర్పు చెప్పే అధికారం పోలీసులకి ఏ చట్టం ఇచ్చింది? ఏదీ ఇవ్వలేదు. కానీ ఆ గదిలో నిలబడి ఆ మాట అనే ధైర్యం ఆమెకి ఎక్కణ్ణుంచి వస్తుంది, పక్కన మనం లేకపోతే?

మూడోసారి టౌనుకెళ్ళి ప్లీడర్ని అడుగుతుంది. ఫైలింగుకి ఇంత, వాయిదాకి ఇంత, గుమస్తాకి ఇంత, టైపుకి ఇంత అని లెక్క చెబుతారు. పిల్లల అప్పగింత పిటిషనుకి కోర్టు ఫీజు పెద్ద భారమేమీ కాదు. బరువంతా ఈ మిగతా లెక్కలదే. ఆమె ఇంటికొచ్చి మెడ తడుముకుంటుంది. పుస్తె కుదువ పెడుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. అదీ చాలక, "పంట డబ్బులొచ్చాక చూద్దాం" అని వాళ్ళ నాన్న అంటాడు. ఆర్నెల్లు గడిచిపోతాయి.

ఈ ఆర్నెల్లలోనే అసలు మోసముంది.

భూమి తగాదా పదేళ్ళు నడిచినా భూమి అక్కడే ఉంటుంది. గట్టు జరపొచ్చు, కాగితాలు మార్చొచ్చు, కానీ సర్వే నంబరు నిన్ను మర్చిపోదు. బిడ్డ అట్లా కాదు. రెండేళ్ళ పిల్ల ఆర్నెల్లు కనపడని తల్లిని గుర్తుపట్టదు. నాలుగేళ్ళ వాడు "అమ్మ వదిలేసి పోయింది" అని రోజూ చెప్పగా చెప్పగా నమ్ముతాడు. అప్పుడు కోర్టులో అవతలి ప్లీడరు లేచి ఏమంటాడు? "అయ్యా, బిడ్డ ఇక్కడ అలవాటు పడ్డాడు, బళ్ళో చేరాడు, ఇప్పుడు కదిలిస్తే బెంగపడతాడు" అంటాడు. బిడ్డ స్థిరపడ్డ చోటుని కదపటానికి కోర్టులు వెనకాడతాయి. అది బిడ్డ మేలు కోరే ఆలోచనే. కానీ దాని ఫలితమేంటో చూడండి: ఫీజు కోసం తల్లి అప్పులు వెతికిన ఆర్నెల్లు ఎత్తుకుపోయినవాడికి సాక్ష్యంగా నిలబడతాయి! ఆమె పేదరికమే ఆమె మీద కేసు వాదిస్తుంది. డబ్బున్నవాడికి వాయిదా అంటే ఇంకో తారీఖు. మన ఆడబిడ్డకి వాయిదా అంటే బిడ్డ ఇంకో నెల దూరం కావటం.

అందుకే మేమనేది, పిల్లల అప్పగింత కేసులో ప్లీడరు దొరకటం ఎంత ముఖ్యమో, మొదటి నెలలోనే దొరకటం అంత ముఖ్యం. ఆ ప్లీడరుకి ఆమె పైసా ఇవ్వక్కర్లేదని చట్టం చెబుతోంది. చట్టమొచ్చి ఇన్నేళ్ళయినా మన వాడకి ఆ మాట చేరనివ్వని వాళ్ళెవరో తేల్చుకోవాల్సిన టైమొచ్చింది.

చట్టం ఏమంటోంది?

పేదవాళ్ళకి ఉచితంగా న్యాయ సహాయం అందించాలని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. దాన్ని అమలు చేయటానికి 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేశారు. చేసిన చట్టం అమల్లోకొచ్చింది 1995 నవంబర్ 9న! మన పనికొచ్చే చట్టం పార్లమెంటు మెట్లు దిగటానికే ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ చట్టంలో 12వ సెక్షను చదవండి. ఆడమనిషి ఎవరైనా సరే అర్హురాలు. పిల్లలు అర్హులు. ఎస్సీలు, ఎస్టీలు అర్హులు. వికలాంగులు, వెట్టి బాధితులు, కుల దాడుల బాధితులు, ఫ్యాక్టరీ కార్మికులు, జైల్లో ఉన్నవాళ్ళు అర్హులు. వీళ్ళెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఆదాయం చూసేది వీటిలో ఏ కోవకీ రానివాళ్ళకి మాత్రమే. కాబట్టి "ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చావా" అని ఏ గుమస్తా అయినా ఆడబిడ్డని వెనక్కి పంపితే, 12వ సెక్షను తెరిచి చూపించండి.

ఇంకో సంగతి, మన వాడల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. మనలో చాలామంది చర్చికి పోతారు. మతం మారితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదనే 1950 నాటి ఉత్తర్వు చూపించి మనల్ని బెదిరించటం అందరికీ అలవాటే. బిడ్డ కోసం కొట్లాడే తల్లికి ఆ బెదిరింపు అంటదు. ఆమె ఆడమనిషి కావటమే అర్హత. ఆమెకి కుల సర్టిఫికెట్ అక్కర్లేదు. తహసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి నెల పోగొట్టుకోకండి.

ఎక్కడికి పోవాలి? ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. జిల్లా జడ్జే దానికి అధ్యక్షుడు. సివిల్ జడ్జి హోదా ఉన్న సెక్రటరీ రోజూ పని చూస్తారు. కింది కోర్టులున్న చోట మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. హైకోర్టులో వేరే కమిటీ ఉంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. రాయటం రాకపోతే అక్కడి సిబ్బందో, పారా లీగల్ వాలంటీరో విని రాసుకోవాలి. దేశమంతటికీ 15100 అనే ఫోన్ నంబరుంది. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లోపల తేల్చాలని 2010 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కాదంటే పైన అప్పీలు చేసుకోవచ్చు. ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, టైపు ఖర్చు, నకళ్ళ ఖర్చు అంతా సంస్థే భరించాలి. నియమించిన ప్లీడరు మన దగ్గర ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. ప్యానెల్లో ఫలానా ప్లీడరు కావాలని అడగొచ్చు. పెట్టిన ప్లీడరు పట్టించుకోకపోతే మార్చమని రాసివ్వొచ్చు.

ఏ కోర్టులో, ఏ చట్టం కింద?

ఇక్కడే మనవాళ్ళని తికమక పెడతారు. మొత్తం మూడు దారులు.

ఒకటి, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. తెల్లదొరల కాలం చట్టమైనా ఇప్పటికీ నడుస్తోంది, ఏ మతం వాళ్ళకైనా వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఉండే ఊరు ఏ కోర్టు కిందికొస్తే అక్కడ వేయాలి. ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, లేకపోతే జిల్లా కోర్టులో. ఎత్తుకుపోయి దాచిన చోటు బిడ్డ మామూలు నివాసం అయిపోదని మన ప్లీడరు గట్టిగా వాదించాలి. దీని 12వ సెక్షను కింద కేసు తేలేలోపే తాత్కాలికంగా బిడ్డని అప్పగించమని అడగొచ్చు. పిటిషనుతో పాటే ఆ దరఖాస్తు వేయించండి. బిడ్డని చూసే రోజులన్నా ముందు ఖాయం చేయమని అడగండి. తల్లి మొహం బిడ్డ మర్చిపోకుండా ఉండటానికి అదే మందు.

రెండు, గృహ హింస చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దెబ్బలు తిని, తిట్లు తిని, బిడ్డని పోగొట్టుకుని పుట్టింటికొచ్చిన ఆడమనిషి తాను ఇప్పుడుంటున్న ఊరి మేజిస్ట్రేటు దగ్గరే కేసు వేయొచ్చు. మెట్టినింటి ఊరికి పోనక్కర్లేదు. రక్షణ ఉత్తర్వులు గాని, ఖర్చులు గాని అడుగుతూ వేసిన ఆ కేసులోనే 21వ సెక్షను కింద బిడ్డని తాత్కాలికంగా అప్పగించమని అడగొచ్చు. కేసుని అరవై రోజుల్లో తేల్చటానికి చూడాలని చట్టం చెబుతోంది. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారి ఉంటారు. నివేదిక రాయటం, న్యాయ సహాయం అందేలా చూడటం ఆ అధికారి డ్యూటీ, దయ కాదు. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, 181 నంబరుంది.

మూడు, బిడ్డని హక్కు లేనివాళ్ళు దాచి పెట్టుకుంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్టు. పిల్లల విషయంలో ఈ రిట్టు ఎప్పుడు నడుస్తుందో 2019లో తేజస్విని గౌడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి హైకోర్టు న్యాయ సేవల కమిటీ ప్లీడర్ని ఇవ్వాలి.

ఇంక అవతలివాళ్ళు వేసే పాత పాట ఒకటుంది: "తండ్రే సహజ సంరక్షకుడు." 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఆ మాట ఉంది, నిజమే. అదే సెక్షన్లో, అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ ఉంది. అదే చట్టం 13వ సెక్షన్లో అన్నిటికన్నా బిడ్డ సంక్షేమమే ముఖ్యమనీ ఉంది. తండ్రి పట్టించుకోకుండా వదిలేస్తే ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సగం సెక్షను చదివి మనల్ని భయపెట్టేవాళ్ళకి మిగతా సగం మనం చదివి వినిపించాలి.

"నీకు తిండి పెట్టే స్తోమతేదీ" అనే ప్రశ్నకి కూడా జవాబుంది. 1997లో ధన్వంతి జోషి కేసులో తండ్రి అమెరికాలో బాగా సంపాదించేవాడు. తల్లి పసిబిడ్డని తీసుకుని ఇండియా వచ్చి ఇక్కడే పెంచింది. సుప్రీంకోర్టు బిడ్డని తల్లి దగ్గరే ఉండనిచ్చింది. డబ్బు ఎక్కువ ఉండటం ఒక్కటే బిడ్డని అప్పగించటానికి కారణం కాదని చెప్పింది. ఇంకా చూస్తే, తిండికి డబ్బులేదంటే తప్పు ఎవరిది? బిడ్డ పోషణ ఖర్చు ఇవ్వటం తండ్రి బాధ్యత. 2024 జూలై 1 నుంచి పాత 125వ సెక్షను స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద దాన్ని అడగొచ్చు.

ఉచితమంటే ఉత్తదేనా?

ఇదంతా చదివి "మరి ఇన్ని ఉండగా మనవాళ్ళు పుస్తెలెందుకు కుదువ పెడుతున్నారు" అని మీరడుగుతారు. అడగాలి.

మొదటి కారణం, చెప్పేవాళ్ళు లేరు. స్టేషను గోడ మీద దొంగల ఫోటోలుంటాయి గాని 15100 కనపడదు. ఏడాదికోసారి స్కూల్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టి, దండలేసి, ఫోటో దిగి పోతారు. మన వాడలోకి ఎంతమంది వచ్చారు?

రెండోది, ఉచిత కేసంటే కొందరు ప్లీడర్లకి చిన్నచూపు. సర్కారిచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యం. దాంతో కేసు పిలిచినప్పుడు జూనియర్ని పంపి టైము అడిగించటం, ఆ పైన "ఖర్చులకేమన్నా ఇవ్వమ్మా" అనటం. ఫీజు చాలకపోతే సర్కారుతో కొట్లాడాలి. దానికి మేము కూడా వస్తాం. కూలికెళ్ళే ఆడమనిషి కొంగుముడి విప్పించటమేంటి? నిజాయితీగా పనిచేసే ప్యానెల్ ప్లీడర్లు లేకపోలేదు. వాళ్ళెవరో తెలుసుకుని వాళ్ళ పేరే రాసివ్వటం మన పని.

మూడోది, దూరం. పది లక్షలు దాటిన పట్నంలో ఫ్యామిలీ కోర్టు తప్పనిసరిగా పెట్టాలని 1984 చట్టం చెప్పింది. మిగతా చోట్ల సర్కారు ఇష్టానికి వదిలింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. బస్సు చార్జీ తప్పింది. పోయిన కూలి ఎవరిస్తారు? వాయిదా రోజు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? న్యాయ సహాయంలో ఆ లెక్క లేదు.

నాలుగోది లోక్ అదాలత్. రాజీ మంచిదే. కానీ లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని ఇచ్చిన అవార్డు మీద అప్పీలు లేదు. కేసుల లెక్క తగ్గించుకునే తొందరలో "సంతకం పెట్టమ్మా, అయిపోతుంది" అంటే పెట్టకండి. ప్రతి ముక్కా తెలుగులో చదివించుకోండి. ఇష్టం లేకపోతే కాదనండి. బలవంతం చేసే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

అయిదోది చెప్పటానికి మనకే కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. అగ్రకులపోళ్ళ రచ్చబండని తిట్టే మన నాయకులు వాడలో అదే రచ్చబండ వేసుకుని కూర్చుంటున్నారు. రెండు గ్లాసుల మీద కొట్లాడినవాడు మన ఆడబిడ్డతో "మగపిల్లాడు మగోడి సొత్తు" అంటున్నాడు. బిడ్డ ఎవరి సొత్తూ కాదు. అంబేద్కర్ బొమ్మ కింద కూర్చుని మనువు తీర్పు చెబితే ఊరుకోవాలా? కోర్టుకి పోయిన తల్లిని "కులం పరువు తీసింది" అని వెలివేసేవాళ్ళు ఉద్యమం పేరు ఎత్తకూడదని మేము అంటున్నాం.

ఇది మగవాళ్ళ మీద ద్వేషంతో రాస్తున్నది కాదు. పెళ్ళాం చచ్చిపోతే బిడ్డని అత్తింటివాళ్ళు దాచిపెట్టిన తండ్రి ఉంటాడు. కులాంతర పెళ్ళి చేసుకున్నందుకు భార్య తరపు పెద్దకులమోళ్ళు బిడ్డని లాక్కుపోయిన మన తమ్ముడుంటాడు. ఎస్సీగా అతనూ ఉచిత ప్లీడరుకి అర్హుడే. ఇద్దరూ అర్హులైతే ఇద్దరికీ వేరువేరు ప్లీడర్లని ఇస్తారు. తాగి కొట్టే తల్లి అయినా, తాగి కొట్టే తండ్రి అయినా బిడ్డకి చేటే. తెలివొచ్చిన బిడ్డ ఏమంటుందో కోర్టు వినొచ్చని 1890 చట్టమే చెబుతోంది. మనమూ విందాం.

మరి ఏం చేద్దాం?

ప్రతి సంఘం ఒక ఆడమనిషినీ, ఒక చదువుకున్న కుర్రాడినీ ఈ పనికి పెట్టాలి. బిడ్డని ఎత్తుకుపోయారని తెలిసిన వారంలోపల ఆ తల్లిని వెంటబెట్టుకుని న్యాయ సేవాధికార సంస్థకి పోవాలి. దరఖాస్తుకి రసీదు తీసుకోవాలి. ఏడు రోజులు లెక్కపెట్టాలి. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, టీకాల కార్డు, రేషన్ కార్డు, ఆధార్, బడి సర్టిఫికెట్టు, ఆసుపత్రి చీటీలు, ఫోన్లో మెసేజీలు ఒక సంచీలో భద్రం చేయించాలి. ఇన్నాళ్ళూ బిడ్డని సాకింది ఎవరో అంగన్‌వాడీ రిజిస్టరే సాక్ష్యం చెబుతుంది. వాయిదా రోజు ఆమె ఒంటరిగా పోకూడదు. ఇంటికి పది రూపాయలు వేసుకుంటే ఆ రోజు కూలి మనం ఇవ్వగలం. ధరావతులు కట్టిన వాడకి ఇదో లెక్కా?

సర్కారునీ, న్యాయ సేవాధికార సంస్థల్నీ మేము అడుగుతున్నాం. ప్రతి స్టేషనులో, పంచాయితీ ఆఫీసులో, అంగన్‌వాడీలో 15100 తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. ప్యానెల్లో మన వాడల నుంచి చదువుకుని వచ్చిన ఆడ ప్లీడర్లని పెట్టండి, వాళ్ళకి కడుపు నిండే ఫీజు నెలనెలా ఇవ్వండి. బిడ్డ కేసుల్లో తాత్కాలిక దరఖాస్తుని మొదటి వాయిదాల్లోనే తేల్చండి. వాయిదాకొచ్చిన పేద తల్లికి ఆ రోజు కూలి కట్టివ్వండి.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఈ కాగితం చదువు రానివాళ్ళకి చదివి వినిపించండి. తాకట్టు కొట్టు మెట్టెక్కబోయే ఆడబిడ్డ ఎవరైనా మీ వాడలో ఉంటే ఇవాళే ఆమెని ఆపండి. పుస్తె ఆమె మెడలోనే ఉండనీయండి, లేదా తీసి అవతల పారేయనీయండి, అది ఆమె ఇష్టం. ప్లీడరు ఫీజు కోసం మాత్రం అది కొట్టుకి పోకూడదు. రేపు పొద్దున్నే మొదటి బస్సుకి ఆమెతో పాటు జిల్లా కోర్టుకి బయల్దేరండి.